నిమిషానికి ఆరువేల ఐదొందలు

తలమీద ఫ్యాను నిమిషానికి రెండొందల సార్లు తిరుగుతోంది, రెండొందల ఇరవై కూడా ఉండొచ్చు, మూడు రెక్కలూ విడివిడిగా కనిపించీ కనిపించనట్టున్నాయంటే అంతకు మించి ఉండదు, ఒక రెక్క అంచు కాస్త కిందికి వంగి ఉంది, తిరిగిన ప్రతిసారీ టక్కుమంటోంది, శాలేమురాజు ఇక్కడ కూర్చుని ఉంటే ఈపాటికి కుర్చీ ఎక్కేవాడు, ఎవరి ఆసుపత్రయితే నాకేంటి అని జేబులోంచి స్క్రూడ్రైవరు తీసేవాడు, కానీ శాలేమురాజు ఆ గాజు తలుపు వెనక బల్లమీద ఉన్నాడు. పదింటికి పది నిమిషాలుందనగా తీసుకెళ్ళారు. గంట పడుతుందన్నారు. ఆ గంటలోపల నేను మా చెల్లెలికి ఒక మాట చెప్పాలి. పుష్పలత నా పక్క కుర్చీలోనే ఉంది, నిన్న సాయంత్రం కట్టుకున్న చీరే, ఒళ్ళో మొగుడి చెప్పులు ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని ఆ సంచి మూతి రెండు చేతులతో పట్టుకుంది, ఎవరో లాక్కుపోతారన్నట్టు. చెప్పాల్సిన మాట చిన్నదే. నట్టు కాదు అమ్మాయీ, రెక్క. అంతే. రెండు ముక్కలు. నోరు తెరిస్తే అయిపోతుంది. ఎదురుగోడ మీద కంటి పరీక్ష అట్ట వేలాడుతోంది, పై వరసలో ఒక్కటే పెద్ద అక్షరం, కిందికి పోయేకొద్దీ చీమలైపోయిన అక్షరాలు, నేను చివరి వరస దాకా చదవగలను, ఇక్కడినుంచే, అద్దాల్లేకుండా, యాభై రెండేళ్ళ వయసులో నా రెండు కళ్ళూ నిక్షేపంలా ఉన్నాయి.

"దారంతా అదే మాటన్నయ్యా," అంది పుష్ప, ఇటు తిరగకుండానే. "రక్తం తుడుస్తుంటే కూడా అదే. నట్టు ఎక్కువ బిగించాను పుష్పా, రెక్క మొదలు దగ్గరే చిట్లుంటది, నా చెయ్యి తప్పింది పుష్పా అని. కన్ను ఊసెత్తడే. చెయ్యంట, చెయ్యి."

ఊఁ అన్నాను. ఆ ఊఁ కొట్టడం ఎంత తేలిక, దానికి అక్షరం కూడా అక్కర్లేదు. శాలేమురాజు చెయ్యి తప్పిందంటే తెనాలిలో ఎవడూ నమ్మడు, పాతికేళ్ళుగా చుట్టుపక్కల చేలల్లో కాలిపోయిన మోటార్లన్నీ అతని బల్లమీదికే వస్తాయి, మాడిన రాగితీగ విప్పేసి, కొత్త తీగ చుట్టి, గాడిలో కూర్చోబెట్టి, వార్నిషు పోసి పంపిస్తాడు, చుట్లు లెక్కపెడుతూనే ఫోనులో మాట్లాడతాడు, మాట్లాడుతూనే ఎవడికో టీ చెప్తాడు, చివర్లో నూట పద్దెనిమిది అంటే నూట పద్దెనిమిదే. నేను బాపట్లలో పిల్లలకి ముప్పై ఏళ్ళుగా బోర్డుమీద తీగచుట్టలు గీస్తున్నాను, బాణం గుర్తులు పెట్టి, సుద్దముక్కతో, నిజం తీగ ఒక్క చుట్టు చుట్టిన పాపాన పోలేదు. రిమోటుతో ఎగరేసే బొమ్మవిమానాల పిచ్చి మాత్రం నాది. నేనే అంటించాను అతనికి. మూడేళ్ళ కిందట మొదటి మోటారు తెచ్చి అతని బల్లమీద పెడితే, దానిమీద రాసున్న అంకె చదివి, "పద్నాలుగొందల కేవీనా? ఇది మోటారా సబ్‌స్టేషనా బావా? ముట్టుకుంటే చస్తామేమో, దూరం జరగండెహె," అని దుకాణమంతా నవ్వించాడు. అది కిలోవోల్టులు కాదురా బాబూ, ఒక వోల్టు ఇస్తే నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతుందో ఆ లెక్క అని చెప్పాను. అది నాకర్థం కావడానికి మూడు వారాలు పట్టింది, పుస్తకాలు తిరగేసి, వీడియోలు చూసి. అతను మోటారు ముందు భాగం ఊడదీసి, లోపలి రాగితీగ ఒక్కసారి వెలుతురులో పెట్టి చూసి, "ఓహో, చుట్లు తక్కువేసి తీగ లావేశాడు, అందుకని ఉరుకుద్ది. అదే చుట్లు పెంచితే నిదానిస్తది, పెద్ద రెక్కని లాగుద్ది. గుర్రమూ దున్నపోతూ. అంతేగా బావా?" అన్నాడు. అంతే. నిజంగా అంతే. నేను నవ్వాను, అందరితో పాటు. ఆ నవ్వు నా గొంతులో ఎక్కడో అడ్డంపడి ఆగిపోయింది, ఇవాళ్టిదాకా దిగలేదు, దిగిందనే అనుకున్నాను.

ఫోను. ఎవరో కొత్త నంబరు. అందరూ నావైపు చూశారు, ఇక్కడ ఫోన్లు మోగకూడదని గోడమీద రాసుంది.

"ప్రభుదాస్ గారేనాండి? కొరియరండి. బెంగుళూరు నుంచి ప్యాకెట్టొచ్చింది, ఇంటికి తాళమేసుందండి."

"పక్కింట్లో ఇచ్చెయ్యి బాబూ."

"ఓటీపీ చెప్పాలండి."

చెప్పాను. నాలుగంకెలు, ఒక్కొక్కటే, గొంతు తగ్గించి. "ఇంకొంచెం గట్టిగా చెప్పండి సార్, ఇక్కడ లారీ పోతోంది," అన్నాడు. గట్టిగా చెప్పాను. "లోపలేముందండి, పగిలే సామానా? కాకి ఈక పెట్టినట్టు తేలిగ్గా ఉంది," అని నవ్వాడు. పగలదు, అన్నాను. అది పగలదు. విమానం ముందు తిరిగే రెక్కలు, పది అంగుళాలవి, గట్టి రకం, వాటినే మేం పదకొండు రోజులుగా కాచుకుని కూర్చున్నాం, పద్నాలుగు వేల దాకా తిప్పినా వాటికేం కాదు. ఒక్కరోజు. నిన్న ఈ వేళకి ఎక్కడుందో అది, ఏ గోడౌన్లో, ఏ గోనెసంచి అడుగున.

"ఎవరన్నయ్యా?"

"కొరియరు."

"ఏమొచ్చింది?"

"పుస్తకాలు."

నేను నిజం చెప్పడానికి కూర్చున్నవాణ్ణి. పుస్తకాలట. నాలుక తనంతట తను పని చేసుకుపోతోంది, నన్నడగకుండా, ముప్పై ఏళ్ళు జవాబులు చెప్పడానికి అలవాటు పడ్డ నాలుక కదా, తెలీదు అనడం దానికి రాదు, సరిపోతుంది అనడమే వచ్చు. మొన్న కూడా అదే కదా అంది. సరిపోతుంది. మట్టలాదివారం ఎల్లుండే. రేపల్లె వైపు నగరం అనే ఊళ్ళో శాలేమురాజు వాళ్ళ గుడి, ఊరు ఊరంతా తాటిమట్టలూ ఈతమట్టలూ పట్టుకుని హోసన్నా అంటూ బయల్దేరతారు, ఆ ఊరేగింపు మీద విమానంలోంచి బంతిపూల రేకులు పోయాలని శాలేమురాజు కోరిక. కుర్రాళ్ళు డ్రోను అద్దెకి తెద్దామన్నారట, "అది ఈగలాగా జుయ్యిమని ఒకేచోట కొట్టుకుంటది, మా విమానం గద్దలాగా వస్తది చూడండి," అని గుడి పెద్దల దగ్గర మాటిచ్చాడు. వాళ్ళమ్మ అన్నమ్మగారికీ చెప్పాడు, ముందు వరసలో నడవమని. అరకిలో పూలరేకులు. విమానం బరువే కిలో లేదు. ఎనిమిది అంగుళాల రెక్కతో ఆ బరువు లేవదు, అందుకని అదే కేవీలో లావు మోటారు బిగించాం, పది అంగుళాల గట్టి రెక్కకి ఆర్డరు పెట్టాం, అది రాలేదు. పాత పెట్టెలో పది అంగుళాలదే ఇంకో రెక్క దొరికింది, పల్చటిది, నిదానంగా తేలే విమానాలకి చేసింది, వేలితో వంచితే వంగుతుంది. "ఇది పనికొస్తదా బావా? లెక్క చూడు," అన్నాడు. ఎంత మర్యాదగా అడిగాడు. లెక్క నీది, బిగింపు నాది అని మొదటిరోజే పంచుకున్నాం మరి.

లెక్క చూశాను. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ కనిపిస్తోంది, పాత ప్రశ్నాపత్రం వెనక, నా చేతిరాతలో. పద్నాలుగొందల్ని బ్యాటరీ వోల్టులు పదకొండు పాయింట్ ఒకటితో గుణిస్తే పదిహేనువేల ఐదొందల నలభై. గాలి బరువు పడ్డాక అందులో ముప్పాతిక వంతు మిగులుతుంది, పదకొండు వేల పైమాట. కింద ఇంకో లెక్క. రెక్క తాలూకు కవరు వెనక చిన్నక్షరాల్లో ఉంది, అరవై ఐదు వేలని అంగుళాలతో భాగించు, అంతకు మించి తిప్పొద్దు అని. అరవై ఐదు వేలు బై పది. ఎనిమిదో తరగతి పిల్లాడు చేస్తాడు. ఒకదాని కింద ఒకటి రాసుకున్నాను రెండంకెలూ. తీసివెయ్యలేదు, తీసివెయ్యక్కర్లేదు, చూస్తేనే తెలుస్తోంది. దుకాణంలో నలుగురు ఉన్నారు. అంతకుముందు రోజే నేను రెక్కని అక్షరాలు వెనక్కి పెట్టి బిగించాను, రెక్కమీది అక్షరాలు ఎప్పుడూ ముందుకి ఉండాలి, అది నేను అతనికి నేర్పిందే, అతనే చూసి, "తిరగేసి బిగిస్తే విమానం పొన్నూరుకి బదులు దుగ్గిరాల పోద్ది బావా," అన్నాడు, ఆ నలుగురే మళ్ళీ నవ్వారు. ఆ నవ్వుకి ఒకరోజు వయసు. సరిపోతుంది, అన్నాను. కంపెనీ వాళ్ళు ఎప్పుడూ తగ్గించే రాస్తారులే అనుకున్నాను, పైకి అనలేదు, పైకి అని ఉంటే ఎంత తగ్గించారు బావా అని అడిగేవాడు. కాగితం మడిచాను. సరిపోతుంది శాలేమూ, అన్నాను.

"ఎవరికి నాయనా?"

ముసలమ్మ. ఎప్పుడొచ్చి కూర్చుందో, ఒక కంటిమీద ఆకుపచ్చ గుడ్డ, రెండో కన్ను నన్ను పట్టి పట్టి చూస్తోంది. జంపని నుంచి వచ్చిందట.

"మా బావమరిదికి, పెద్దమ్మా."

"శుక్లమా? నాకూ అదే. ఒకటి చేసినాక మా కోడలు మొహం బాగా కనిపిస్తంది, ఇంక రెండోది ఎందుకయ్యా అంటే డాట్టరుగారు వినడు." పక్కన కూర్చున్న కోడలు కూడా నవ్వింది. పుష్ప నవ్వలేదు.

"దెబ్బ తగిలింది. ప్లాస్టిక్కు ముక్క."

"అయ్యో. ఎవరు కొట్టారు?"

ఎవరు కొట్టారు. డాక్టరు కూడా అడగలేదు ఆ మాట. ఏం తగిలింది అన్నాడు, ఎప్పుడు అన్నాడు, షుగరుందా అన్నాడు.

"ఎవరూ కొట్టలేదు పెద్దమ్మా. దానంతటదే ఎగిరొచ్చింది."

"దానంతటదే ఎట్టా వస్తది, దానికేమన్నా కాళ్ళున్నాయా?" అని ఆమె కోడలివైపు తిరిగి నీళ్ళసీసా అడిగింది. పుష్ప మాత్రం తల తిప్పి నావైపు చూసింది, మొదటిసారి, చూసి మళ్ళీ తలుపువైపు తిప్పుకుంది. ఏం చూసిందో. చిన్నప్పుడు బెల్లం గిన్నె దగ్గర నన్ను పట్టుకున్న చూపు అది, అమ్మకి చెప్పలేదు అప్పుడు, తనే తిన్నట్టు ఒప్పుకుని దెబ్బలు తింది, ఆరేళ్ళది. ఇప్పుడు చెప్పెయ్యాలి. ఇప్పుడే. పుష్పా అని పిలవాలి. అమ్మాయీ అనాలి. ఫ్యాను టక్కుమంది, టక్కు, టక్కు, అది రెండొందలే, ఎంత చవటది, ఎంత మంచిది, ఎవర్నీ ఏమీ చెయ్యదు.

నందివెలుగు పక్కన మినుము పీకేసిన చేను. నిన్న సాయంత్రం ఐదున్నర. పడమటి ఎండ నేలబారుగా కాళ్ళకి తగులుతోంది, ఎండు మినపకట్టె చెప్పుల కింద విరుగుతోంది, విమానాన్ని తాటిదూలానికి తాడేసి కట్టాం, ఎగరేయడానికి ముందు లాగుడు చూద్దామని. పుష్ప గట్టుమీద గొడుగేసుకుని పూలరేకుల సంచి పట్టుకుని ఉంది. రిమోటు నా చేతిలో. సగం దాకా స్పీడిచ్చాను, మోటారు ఊపందుకుంది, రెక్క కనిపించకుండా పోయి గాలిలో ఒక పల్చటి వలయం మిగిలింది, దుమ్ము వెనక్కి కొట్టుకుపోయింది. "ఏదో సన్నగా ఏడుస్తంది బావా," అన్నాడు. నాకు వినపడలేదు. అతనికి వినపడింది. మోటార్ల వాళ్ళకి ఒక అలవాటుంది, ఏ పెద్ద మోటారు దగ్గరికి పోయినా స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటారు, లోపల ఏది అరిగిందో చెప్పేస్తారు, నేనెన్నోసార్లు చూశాను, చేల గట్లమీద, బావుల దగ్గర, చెవి పెట్టి కళ్ళు మూసుకుని, పసిపిల్ల గుండె వినే డాక్టరులాగా. పొలం మోటారుకి బయట రెక్కలుండవు. విమానానికి ఉంటాయి. రెక్క విరిగితే ఎటు పోతుందో నాకు తెలుసు, ముందుకీ రాదు వెనక్కీ రాదు, తిరిగే వలయానికి సరిగ్గా పక్కలకే విసిరికొడుతుంది, వడిసెల రాయిలాగా, అది బోర్డుమీద నేను వెయ్యిసార్లు గీసిన బొమ్మే, వలయం, దాన్ని తాకుతూ పోయే గీత. అతను పక్కన మోకాళ్ళమీద కూర్చుని, స్క్రూడ్రైవరు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకోలేదు, నిన్న. రెక్కవైపు చూస్తున్నాడు. "కొంచెం పెంచు, విందాం," అన్నాడు.

నేను వెనకున్నాను. నాలుగడుగుల వెనక, తోక వైపు. అక్కడెందుకు నిలబడ్డాను? ఎవరూ నిలబడమనలేదు. నా కాళ్ళే పోయి నిలబడ్డాయి, లెక్క తెలిసిన కాళ్ళు. పక్కకి రా శాలేమూ, అనొచ్చు. నోట్లోనే ఉంది మాట. అంటే ఎందుకు అంటాడు. ఎందుకంటే ఇది విరగొచ్చు. విరగొచ్చని తెలిసి సరిపోతుందన్నావా బావా? అంత సంభాషణ ఒక్క రెప్పపాటులో నడిచింది నా లోపల, ప్రశ్నా నేనే, జవాబూ నేనే, ఆ రెప్పపాటు అయ్యాక నా బొటనవేలు రిమోటు మీది పుల్లని ముందుకి తోసింది. చప్పుడు పెద్దదేం కాదు, ఎండు చింతకాయ విరిచినట్టు. విమానం గజగజా కొట్టుకుంది తాడుమీద. అతను కింద పడలేదు కూడా, కూర్చున్నచోటే కూర్చుని చెయ్యి మొహానికి పెట్టుకున్నాడు, వేళ్ళ సందుల్లోంచి రక్తం వచ్చింది. ముందు ఏమన్నాడంటే, "ఆపెయ్, మోటారు పోద్ది," అన్నాడు.

తలుపు తెరుచుకుంది. పదకొండు కూడా కాలేదు. డాక్టరు ఆకుపచ్చ టోపీ తీసేసి, పుష్పని చూసి, నన్ను చూసి, మగవాణ్ణి కదా అని నాకే చెప్పాడు. లోపలంతా చిరిగిపోయిందండి, నిలబెట్టలేకపోయాం, రెండో కంటికి ప్రమాదం రాకుండా తీసెయ్యాల్సి వచ్చింది, ముందే చెప్పాం కదండి. చెప్పారండి, అన్నాను. పుష్ప చెప్పుల సంచి నేలమీద పెట్టింది, పెట్టి, మళ్ళీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఏడవలేదు. "తెలిసిందా ఆయనకి?" అని అడిగింది డాక్టర్ని. "తెలుసమ్మా. మత్తిచ్చేముందే ఆయనే అడిగారు, చేతులకేం కాలేదుగా అని కూడా అడిగారు," అన్నాడాయన, పాపం, అది మంచి కబురులాగా.

గంట అయిపోయింది. నేను చెప్పలేదు. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. నట్టే. నట్టు ఎక్కువ బిగించాడు, మొదలు చిట్లింది, విరిగింది, ఎవరి ఖర్మ వాళ్ళది, ఆ విరిగిన ముక్కలు చేలో పడున్నాయి, వాటిని తెచ్చి చూసేవాడెవడు, లెక్క చూసేవాణ్ణి నేనొక్కణ్ణే. ఏళ్ళు గడుస్తాయి. పండక్కి వస్తాడు, భోజనానికి కూర్చుంటాడు, నల్లద్దాలు పెట్టుకుని. నేను బాపట్లలో గీతలు గీసుకుంటూ రిటైరైపోతాను. ఎంత సుఖంగా ఉంది ఆ దారి, ఎంత నున్నగా, ఒక్క అడుగు కూడా వెయ్యక్కర్లేదు, ఉన్నచోట ఉంటే చాలు.

మత్తు దిగాక గదిలోకి రమ్మన్నారు. మంచానికి రెండువైపులా మేమిద్దరం. మొహం సగం కట్టు, మిగిలిన సగం ఎవరిదోలా పీక్కుపోయి ఉంది, మిగిలిన కన్ను తెరుచుకుని ముందు పుష్పని చూసింది, తర్వాత నన్ను వెతుక్కుంది.

"బావా."

"ఇక్కడే ఉన్నా శాలేమూ."

చెయ్యి చాపితే పట్టుకున్నాను. వేళ్ళనిండా పాత వార్నిషు మచ్చలు, ఎంత కడిగినా పోనివి.

"అమ్మకి చెప్పారా?"

"రేపల్లె బండికి బయల్దేరింది," అంది పుష్ప.

"ఊఁ." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "బావా, దుకాణం ఎవరికన్నా ఇచ్చేద్దాం. నువ్వే చూడు ఎవర్నన్నా."

"ఇప్పుడా మాటలెందుకు? ఒక కన్నుంది, ఇంత పనిమంతుడివి..."

"కన్ను కాదెహె." విసుక్కున్నాడు. "కన్ను లేకపోయినా చుడతాను. నట్టు బిగించేటప్పుడు ఎక్కడ ఆపాలో వేలికి తెలుసుద్ది బావా. చెప్తే వచ్చేది కాదది. పాతికేళ్ళు తెలిసింది. నిన్న తెలీలేదు. ఎక్కడ తప్పిందా అని లోపల పడుకునీ అదే చూసుకున్నా. మామూలుగానే ఆపాననిపిస్తంది. మామూలుగా ఆపితే చిట్లదుగా. అంటే ఇంక వేలు చచ్చిపోయినట్టే. చచ్చిపోయిన వేలితో రైతుల మోటార్లు బిగించి ఎవర్ని చంపమంటావు?"

పుష్ప గ్లాసులో నీళ్ళు పోస్తూ ఆగిపోయింది. కిటికీలోంచి వీధి చప్పుడు, ఎవరో చెరుకురసం మిషను తిప్పుతున్నారు, గంటలు మోగుతున్నాయి దానికి. నా చేతిలో అతని వేళ్ళు ఒకదాని తర్వాత ఒకటి కదులుతున్నాయి, తప్పు వెతుక్కుంటున్నాయి.

"నట్టు కాదు," అన్నాను.

"ఏంటి?"

"నట్టు కాదు శాలేమూ. నువ్వు సరిగ్గానే బిగించావు. ఆ రెక్క ఆ స్పీడు తట్టుకోదు. కవరు మీద రాసుంది."

"నువ్వు చూశావా?"

"చూశాను."

"ఎప్పుడు?"

"నువ్వు బిగించకముందు."

నీళ్ళ గ్లాసు బల్లమీద పెట్టిన చప్పుడైంది. నేను అటు చూడలేదు.

"ఎంత తట్టుకుంటది?"

"ఆరువేల ఐదొందలు."

"మనం ఎంత ఇచ్చాం?"

"పదకొండు వేల పైన."

అతను నా చేతిలోంచి చెయ్యి లాక్కోలేదు, నెమ్మదిగా తీసుకున్నాడు, ఇరుకులోంచి పనిముట్టు తీసుకున్నట్టు. దాన్ని ఉన్న కంటి ముందుకి ఎత్తి చూసుకున్నాడు. బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికి తెచ్చి, మధ్యలో ఏదో ఉన్నట్టు తిప్పాడు, ఒకటిన్నర చుట్టు, ఆపాడు. మళ్ళీ తిప్పాడు. సరిగ్గా అక్కడే ఆపాడు. నిన్న సాయంత్రం నుంచి బిగుసుకుపోయిన ఆ సగం మొహం మెల్లగా వదులైంది, పెదవి కొద్దిగా కదిలింది కూడా, ఆ క్షణంలో నేను క్షమించబడ్డాననుకున్నాను.

"పుష్పా," అన్నాడు చెయ్యి దించకుండానే, "దుకాణం తాళం నీ దగ్గరే ఉంచు. స్టేషనుకి నువ్వే వెళ్ళి అమ్మని తీసుకురా."

"అన్నయ్య వెళ్తాడులే," అనబోయి, సగంలో మానేసింది.

అప్పుడు తల ఇటు తిప్పాడు. ఇరవై రెండేళ్ళుగా నాకు తెలిసిన కన్ను అది, కోపం లేదందులో, ఎవరో కొత్త ఖాతాదారు దుకాణం మెట్టెక్కితే చూసే చూపు.

"మీరు బయల్దేరండి మాస్టారూ," అన్నాడు. "బాపట్ల బండికి టైమవుద్ది."

"అలాగేనండి," అన్నాను.